ఎర్రమన్ను కింద నోటీసు

మొన్నటి ఎండాకాలం మా తమ్ముడు పాత ఇంటిని కూలగొట్టించాడు. స్లాబు ఇల్లు వేసుకుంటానని రెండేళ్ళుగా అంటూనే ఉన్నాడు, ఈసారి నిజంగానే ముగ్గురు కూలీలను పెట్టాడు. నేను గద్వాలలో బడిపిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. సెలవులు కాబట్టి సామాన్లు సర్దిపెట్టడానికి వెళ్ళాను. మా ఊరి పేరు ఇక్కడ రాయను. బిజినేపల్లి దాటి వనపర్తి వైపు పోతుంటే రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన పల్లె అని చెబితే చాలు. అలాంటి పల్లెలు అక్కడ చాలా ఉన్నాయి, నేను చెప్పబోయేది వాటిలో చాలావాటికి కొత్త సంగతి కాదు.

వాకిలి పక్క గోడకు గడ్డపార తగలగానే పూత పెద్ద పెచ్చుగా ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. ఎర్రమన్ను, దాని మీద సున్నం పట్టీ, మళ్ళీ ఎర్రమన్ను, అలా పొరలు పొరలుగా ఉంది. పైపొర రాలిన చోట ఒక కాగితం అంటుకుని ఉంది. ఒక మూల చెదలు తిన్నాయి. మిగతాది రంగు మారినా అక్షరాలు చెదరలేదు. అడుగున గుండ్రటి ఊదారంగు ముద్ర, పైన మా అవ్వ పేరు. అవ్వ అంటే మా నాయనమ్మ. ఆ పెచ్చును ఒళ్ళో పెట్టుకుని కూలిన మట్టి మీదే కూర్చుండిపోయాను.

"ఏందక్కా, ఏమైంది?" అని తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"నోటీసు," అన్నాను.

"ఏం నోటీసు?"

"మన చేను గుంజుకున్న నోటీసు."

వాడు చేతిలోని చెంబు కింద పెట్టాడు. "అది మనకు రానే లేదు గదా," అన్నాడు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో అందరూ అన్న మాట అదే. రాలేదని మా అవ్వ నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది కూడా. వచ్చిందేమోనన్న అనుమానం ఈ ప్రపంచంలో నాకొక్కదానికే ఉండేది.

ఆ చేను మూడెకరాలు, ఊరికి తూర్పున గుట్ట వాలులో ఉండేది. తాత కంపచెట్లు కొట్టి చదును మొదలుపెట్టాడు, ఆయన పోయాక అవ్వ పట్టు వదల్లేదు. మొదట్లో అందులో మన్ను తక్కువ, రాళ్ళెక్కువ. అందుకని మా అవ్వ ఒక కట్టుబాటు పెట్టింది. చేనులోకి ఎవరు అడుగుపెట్టినా తిరిగి పోయేటప్పుడు ఒక రాయి మోసుకెళ్ళి గట్టు మీద పెట్టాలి. ఇంటివాళ్ళయినా, కూలికి వచ్చినవాళ్ళయినా, దారిన పోతూ మంచినీళ్ళడిగినవాళ్ళయినా సరే. తెలకపల్లి నుంచి మా మేనత్త భర్త కొత్త అల్లుడిగా తెల్ల ధోవతి కట్టుకొచ్చి, చేను చూస్తానని సరదా పడితే ఆయన చేత కూడా మోయించింది. "అల్లుడైతేంది, చేతుల్లేవా?" అంది. ఆయన నవ్వుతూనే ఎత్తాడు గాని, ధోవతికి ఎర్రమరక అయిందని సాయంత్రం దాకా మూతి ముడుచుకు కూర్చున్నాడు. నేను బడి నుంచి వచ్చి ఒక చేత్తో రొట్టె తింటూ రెండో చేత్తో రాళ్ళేరేదాన్ని. ఆ గట్టు నా మోకాలి ఎత్తు నుంచి నడుమెత్తు అయ్యేసరికి నేను పదో తరగతికి వచ్చాను. వానాకాలం పచ్చజొన్న వేసేవాళ్ళం. ఆ పసుపుపచ్చ పిండితో అవ్వ చేసే రొట్టె వాసన, మిరపకారం నూరుతున్న రోలు వాసన, కోసిన చొప్ప వాసన, ఈ మూడూ కలిసిన గాలి ఆ ఇంట్లో తప్ప నాకు ఇంకెక్కడా తగల్లేదు.

నేను పది పరీక్షలు రాసిన ఏడు ఆ చేనుకు లావుణి పట్టా వచ్చింది. భూమి లేనివాళ్ళకు సర్కారు తన భూమిలోంచి ఇచ్చే పట్టా అది. దున్నుకో, తిను, పిల్లలకివ్వు అంటుంది. అమ్మకూడదు, పడావు పెట్టకూడదు అని కూడా అంటుంది. పడావు అంటే సాగు చేయకుండా వదిలేయడం. నాగర్‌కర్నూలులో పెద్ద సభ పెట్టి, మా అవ్వ లాంటివాళ్ళను బస్సుల్లో తీసుకుపోయి, వేదిక మీద వరసగా నిలబెట్టి పాసుపుస్తకాలు పంచారు. అవ్వకు ఉన్న ఒకే ఒక మంచి చీర ముదురాకుపచ్చది. అదే కట్టుకుంది. పుస్తకం చేతికిచ్చిన నాయకుడు, ఫోటో తీసేదాకా ఆ పుస్తకం రెండో కొనను వదల్లేదట. ఆమె ఇరవై ఏళ్ళు రాళ్ళేరి చేసిన చేనును ఆమెకే దానం ఇస్తున్నట్టు ఆయన మైకులో మాట్లాడితే, అవ్వ మాత్రం చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంటికొచ్చి ఆ పుస్తకాన్ని జొన్నల కాగులో, గింజల మధ్య దాచింది. ఎలుకలు రాని చోటు అదొక్కటేనంది.

మూడెకరాల వానపంటతో ఐదుగురి కడుపులు ఏడాది పొడుగునా నిండవు. బోరు వేసే స్థోమత లేదు. అందుకని మా వైపు అందరిలాగే మావాళ్ళూ జొన్న కోత అయిపోయాక వలస పోయేవాళ్ళు. వీపనగండ్ల వైపు మేస్త్రీ ఒకడు దీపావళి వెళ్ళిన మరునాడే లారీ పంపేవాడు. అమ్మ, నాయిన, అవ్వ, తమ్ముడు ఆ లారీ ఎక్కి, ఎక్కడో దూరాన, ఎవరి పొలాలకో నీళ్ళు పారే కాలువలు తవ్వడానికి పోయేవాళ్ళు. నేను వనపర్తిలో హాస్టలు పిల్లను. పోయే ముందు ఇల్లు మూయడం మా అవ్వకు ఒక తంతు. పొయ్యిలో బూడిద ఎత్తి, పొయ్యి మీద చాట బోర్లించేది. తిరగలి పైరాయి దించి గోడకు ఆనించేది. తలుపుకు తాళం వేసి, గడపకు అడ్డంగా రేగుకంప పెట్టేది. ఊళ్ళో సగం వాకిళ్ళకు అలా కంపలు పడేవి. ఎవరి ఇంట్లో మనుషులున్నారో, ఎవరి ఇంట్లో లేరో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, వీధిలో నడిస్తే చాలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఉగాదికి తిరిగొచ్చేవాళ్ళు. నేనూ సెలవులకు వచ్చేదాన్ని. మూతపడిన ఇంట్లోకి వచ్చీ రాగానే పోయి పొయ్యి ముట్టించకూడదు, అది అవ్వ నియమం. ముందు వాకిలి వైపు గోడకు ఎర్రమన్ను పూయాలి, సున్నం పట్టీ దిద్దాలి, గడప అలకాలి. అప్పుడే లోపలికి అడుగు, అప్పుడే పొయ్యి. దిగిన మూటలు వాకిట్లోనే ఉండేవి, అవ్వా నేనూ కొంగులు దోపుకుని గోడ పనికి దిగేవాళ్ళం. అమ్మ నీళ్ళు మోసేది. తడిసిన ఎర్రమన్ను వాసన వస్తేనే అందరూ ఇంటికి చేరినట్టు నాకు లెక్క.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఉగాదికి కూడా అలాగే పూశాం. వాకిలి పక్కన ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. ఆ రోజుల్లో మా గోడ మీద కాగితం అంటే మాకు లెక్కే లేదు. పోలియో చుక్కల కాగితం, పత్తి విత్తనాల బొమ్మ, ఓటు వెయ్యమని చేతులు జోడించిన ముఖాలు, ఎవడు పడితే వాడు వచ్చి అంటించి పోయేవాడు. గోడ మాదే గాని అడిగేవాడు లేడు. చించబోయాను, రాలేదు. లై, అదే మైదాపిండి జిగురు, బాగా చిక్కగా పెట్టారు. "ఊకో బిడ్డా, మన్ను పడితే అదే పోతది," అంది అవ్వ. దోసెడు మన్ను తీసి నేనే దాని మీద కొట్టాను. చేత్తో సమంగా రాశాను. అడుగున ఊదారంగు ముద్ర ఒక్క క్షణం కనిపించి మన్ను కిందికి పోయింది. ఆ ఇంట్లో చదువొచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. చదవలేదు.

తొలకరికి నాగలి కట్టుకుని పోతే చేను చుట్టూ ఇనుప ముళ్ళకంచె వేసి ఉంది. రాళ్ళగట్టు కంచె లోపల ఉండిపోయింది. ఒక బోర్డు పాతారు, సర్కారు భూమి, లోపలికి వస్తే శిక్ష అని. ఎవరో ఫ్యాక్టరీ పెడతారట, ఊరికంతా ఉద్యోగాలట. నాయిన ఎడ్లను అక్కడే విప్పేసి కూలబడ్డాడట. అవ్వ కంచె బయట నిలబడి లోపలి గట్టును చూస్తూ, "నా రాళ్ళు," అందట. చేను అనలేదు.

మరుసటి వారం అవ్వను వెంటబెట్టుకుని మండల ఆఫీసుకు పోయాను. చదువుకున్నదాన్ని కదా, మాట్లాడతానని. పెద్ద సారు బల్ల వెనక, పక్కన మా ఊరి సుంకరి బుచ్చన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊళ్ళో సర్కారు పనులకు తిరిగేవాడు సుంకరి, మా వాడకట్టు మనిషే.

"మూడేండ్ల సంది పడావు ఉంది. షరతు తప్పిండ్రు. పట్టా రద్దయింది," అన్నాడు సారు, తలెత్తకుండా.

"పడావు యాడిది సారూ?" అంది అవ్వ. "పోయినేడు పచ్చజొన్నలు ఏడు సంచులు అయినయి. ఊరంత జూసిండ్రు."

"ఊరు జూస్తే కాదమ్మా. పహాణీల ఉండాలె. కాయితంల పడావు అని ఉంది."

"కాయితం జొన్నలు తింటదా సారూ?"

పహాణీలో పంట నమోదుకు వచ్చే సారు మా ఊరికి ఎండాకాలం వచ్చేవాడు, హోటలు బల్ల మీద కూర్చుని చాయ తాగి, దూరం నుంచి గుట్ట వైపు చూసి రాసుకుని పోయేవాడు. ఎండాకాలం మా వైపు వానపంట చేలన్నీ ఖాళీగానే ఉంటాయి. అంతమాత్రాన అవి పడావా? అదే అడిగాను. పెద్ద సారు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"అది అడిగేదానికే నోటీసు ఇచ్చినం. పదిహేను రోజులు టైమిచ్చినం. మీరు రాలె, జవాబియ్యలె. నేనేం జేయాలె?"

"ఏ నోటీసు సారూ? మాకేం రాలె," అంది అవ్వ.

"ఇంటి గోడకు అంటిచ్చినం. ఇద్దరు సాక్షులున్నరు. అబద్ధాలాడకు ముసలామె."

ఆ ఒక్క మాటకు అవ్వ ముఖం మారిపోయింది. ఆకలికి ఓర్చుకున్న మనిషే గాని, అబద్ధాలకోరు అంటే ఓర్చుకోలేదు. నన్ను ముందుకు లాగి నా నడినెత్తిన చెయ్యి పెట్టింది. "నా మనవరాలి మీద ఒట్టు. నా గోడకు ఏ కాయితం లేదు. ఉంటే దీని సదువు మట్టిల కలవనీ," అంది. ఆ చేతి కిందే, అక్కడే, ఆ ఊదారంగు ముద్ర నా కళ్ళ ముందు కదిలింది. తల దించుకున్నాను. బుచ్చన్న కూడా తల దించుకున్నాడు. ఎందుకో నాకు అప్పుడు తెలియదు.

అవ్వతో తిన్నగా వనపర్తి పోయాను. అక్కడ రేకుల నీడలో టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసే ఖాజా సాబ్ అని పెద్దాయన ఉండేవాడు. పేదవాళ్ళ అర్జీలంటే మరీ శ్రద్ధగా రాసేవాడు. అంతా విని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"నోటీసు తేండ్రి బేటీ. దాని మీద తారీఖు జూస్త. మీరు ఊర్లె లేనప్పుడు పెట్టిండ్రని తేలితే అప్పీలు మనదే. కాయితం లేకుంటే నేను గాలి మీద రాయాల్నా?"

"మాకు రాలేదు సాబ్," అంది అవ్వ.

"అయితే ఆఫీసుల నకలు అడగుండ్రి. జర తొందరగ. అప్పీలుకు గూడ గడువుంటది."

ఆ నకలు కోసం నాయిన ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కాడో లెక్కలేదు. సారు లేడు, ఫైలు లేదు, బీరువా తాళం లేదు, క్లర్కు పెళ్ళికి పోయాడు. మా నాయిన పనులు మానుకుని ఊళ్ళు పట్టుకు తిరిగిన ఆ కాగితం మా ఇంటి గోడలోనే, వేలెడు మన్ను కిందే ఉంది. ఒకరోజు ధైర్యం చేసి కొడవలి తీసుకుని గోడ దగ్గర నిలబడ్డాను. వెనక నుంచి అవ్వ, "ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అంది. "ఏం లేదవ్వా," అని కొడవలి చూరులో దోపాను. ఎట్లా చెప్పను? ఉందని తేలితే ఆమె ఒట్టు అబద్ధమవుతుంది. నా తల మీద వేసిన ఒట్టు. ఇక ఆ మనిషి తిండి తింటుందా, నిద్రపోతుందా? తడిమన్నుకు కాగితం ఎప్పుడో నాని పోయి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పీలు గడువు దాటిపోయింది.

తర్వాత వనపర్తిలో ఇంకో సభ. ఈసారి అవతలి పార్టీ. పేదల భూములు కంపెనీలకు దోచిపెడుతున్నారని నిరసన. అవ్వను మళ్ళీ బస్సెక్కించారు, మళ్ళీ అదే ముదురాకుపచ్చ చీర, మళ్ళీ వేదిక. "ఈ తల్లి కన్నీళ్ళకు బదులు చెప్పాలె!" అని నాయకుడు ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. అవ్వ ఆ రోజు ఏడవనే లేదు. అసెంబ్లీలో ఒకరు భూమి పంచామన్నారు, ఒకరు గుంజుకున్నారన్నారు, బల్లలు గుద్దుకున్నారు. ఇద్దరూ అన్నది నిజమే, రెండూ మా అవ్వకే జరిగాయి. ఆమె చేను ఒకరికి ఫోటో అయింది, ఇంకొకరికి నినాదమయింది, చేనుగా మాత్రం ఎవరికీ పనికిరాలేదు. కొన్నాళ్ళకు జెండాలు తారుమారయ్యాయి. చెయ్యి పైకెత్తిన ఆ నాయకుడి దగ్గరికే అర్జీ పట్టుకుని పోతే, "అది పాలసీ విషయం తల్లీ, నా చేతుల లేదు," అన్నాడు. పైకెత్తడానికి ఆమె చెయ్యి మాత్రం ఆయన చేతిలోకి బాగానే వచ్చింది.

చేను పోయాక వలస నుంచి తిరిగి రావడానికి కారణమే లేకుండా పోయింది. రెండేళ్ళకు నాకు గద్వాలలో ఉద్యోగం దొరికింది, అవ్వను తెచ్చుకున్నాను. కూర్చుని తినడం ఆమెకు చేతకాదు. సీడు పత్తి చేలల్లో పువ్వు గిల్లి పుప్పొడి రాసే పనికి పోయేది. ఆ వయసులో వేళ్ళు వణుకుతుంటే ఎందుకని కోప్పడితే వినేది కాదు. తోటి ఆడవాళ్ళు చెప్పి నవ్వేవాళ్ళు, మీ అవ్వ పొద్దుగూకి చేను దిగేటప్పుడు ఒక రాయి ఎత్తి గట్టు మీద పెడుతుంది, ఎవరి చేనో అని కూడా చూడదు అని. నేను నవ్వలేకపోయేదాన్ని. చివరి రోజుల్లో మంచంలో పడి ఒకే మాట అడిగేది. "ఆ కాయితం నిజంగ అంటిచ్చిండ్రంటవా బిడ్డా? నేనే సూడలేదంటవా?" ప్రతిసారీ నేను, "తెల్వదవ్వా," అనేదాన్ని. తెలియకుండానే పోయింది.

ఇప్పుడు ఆ పెచ్చు ఒళ్ళో పెట్టుకుని, చదవాల్సిన రోజు చదవని ఆ కాగితాన్ని చదివాను. సర్వే నంబరు, మూడెకరాలు, షరతు ఉల్లంఘన. ఈ నోటీసు అందిన పదిహేను రోజుల లోపల హాజరై సంజాయిషీ ఇవ్వనిచో, మీకు ఎట్టి ఆక్షేపణ లేనట్లుగా భావించి తదుపరి చర్య గైకొనబడును. కింద సంతకం, తారీఖు. తారీఖు పుష్యమాసంలోది. దీపావళి మరునాడు లారీ ఎక్కినవాళ్ళు, ఉగాదికి దిగినవాళ్ళు మావాళ్ళు. నేను దాని మీద మన్ను కొట్టేనాటికి ఆ పదిహేను రోజులూ గడిచి రెండు నెలలు. చదివినా గడువు దొరికేది కాదు. కానీ ఖాజా సాబ్ అడిగింది ఈ తారీఖునే. ఆ రోజు కొడవలి చూరులో దోపకుండా గీకి ఉంటే, ఈ తారీఖు ఆయన చేతిలో పెట్టి ఉంటే! నా మీద నాకు వచ్చిన కోపం చిన్నది కాదు. అయినా తప్పంతా నేనే నెత్తిన వేసుకోను. నేను పందొమ్మిదేళ్ళ పిల్లను, భయపడ్డాను. వాళ్ళకు జీపు ఉంది, చట్టం ఉంది, ముద్ర ఉంది, భయపడాల్సిన అవసరమే లేదు. వాకిలికి అడ్డంగా కంప పెట్టి ఉన్న ఇంటికి పదిహేను రోజుల గడువు రాసినవాళ్ళు ఏ భయంతో రాశారు?

కూల్చేది చూడటానికి వచ్చి వీధి అరుగు మీద కూర్చున్న ముసలాయన అప్పుడు లేచి దగ్గరికొచ్చాడు. సుంకరి బుచ్చన్న. కర్ర పట్టుకున్నాడు, చూపు తగ్గింది, అయినా పెచ్చును చూసి గుర్తుపట్టాడు.

"నేనే అంటిచ్చిన బిడ్డా."

"మేం లేమని నీకు తెల్వదా పెద్దనాయనా?"

"తెలుసు. సార్‌కు జెప్పిన. కంప పెట్టి ఉంది సారూ, ఉగాదికి గాని రారు అని. 'మనుషులు లేకుంటేంది, గోడ ఉంది గదా' అన్నడు. లై కలిపి అంటిచ్చిన. నౌకరి పోతదని బయపడ్డ." పెచ్చు మీద చెయ్యి వేసి, "మీ అవ్వ ఆఫీసుల ఒట్టు పెడితే నా నోరు పడిపోయింది. అదే గోస నాకు," అన్నాడు.

ఆ గదిలో నిజం తెలిసి నోరు మూసుకున్నది నేనొక్కదాన్నే అని ఇన్నేళ్ళు అనుకున్నాను. మేమిద్దరం. సారును కలుపుకుంటే ముగ్గురం. ఒట్టు వేసిన ఆమె ఒక్కతే తనకు తెలిసిన నిజం చెప్పింది. అబద్ధాలకోరు అనిపించుకున్నదీ ఆమే.

ఆ కాగితం పట్టుకుని వనపర్తి పోయాను. ఖాజా సాబ్ లేడు, ఆయన కొడుకు అదే రేకుల కింద కంప్యూటరు పెట్టుకున్నాడు. తారీఖు చూసి నాలుక కరుచుకున్నాడు. "అబ్బాజాన్ ఉంటే దీన్ని కళ్ళకద్దుకుంటుండె. ఇప్పుడు శానా లేటయింది మేడమ్," అన్నాడు. మండల ఆఫీసుకూ పోయాను. ఇప్పుడు అక్కడ చల్లటి గది, అద్దాల తలుపు, మర్యాదగా కుర్చీ చూపించే కుర్రాడు. భూములన్నీ తెర మీదే. నంబరు చెబితే నొక్కాడు.

"కంపెనీకి అలాట్ అయింది మేడమ్."

"సాగు వివరం?"

"పడావు."

"ఎన్నేండ్ల సంది?"

కిందికి, ఇంకా కిందికి జరిపాడు. "మొదటి సంది పడావే మేడమ్. ఫ్యాక్టరీ కట్టలేదు."

"మరి పడావు పెట్టినందుకు నోటీసు ఇచ్చిండ్రా?"

అతను నవ్వాడు. చెడ్డవాడేం కాదు. "కంపెనీకా మేడమ్?" అన్నాడు. మూడు ఎండాకాలాల ఖాళీకి మా అవ్వ పట్టా రద్దయింది. ఇన్నేళ్ళుగా ఒక్క గింజ పడని ఇనుప కంచెకు మాత్రం ఆ షరతు గుర్తుకు రాలేదు. కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయని మా పిల్లలకు నేనే పాఠం చెబుతాను. ఎవరికి నోటీసు ఇవ్వాలో, ఎవరికి అక్కర్లేదో ఆ కంప్యూటరుకు కూడా అంత బాగా తెలుసునని ఆ పాఠంలో ఉండదు.

ఊళ్ళో తమ్ముడు తాత్కాలికంగా వేసుకున్న కొట్టానికి వచ్చి ఒక తెల్ల కాగితం తీసుకున్నాను. మా అవ్వకు వచ్చిన నోటీసును ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా రాశాను. అదే సర్వే నంబరు, అదే మూడెకరాలు, అదే షరతు, అవే పదిహేను రోజులు. అవ్వ పేరున్న చోట కంపెనీ అని పెట్టి, సారు సంతకం ఉన్న చోట నా సంతకం చేశాను, ఫలానా ఆమె మనవరాలినని రాసి. తమ్ముడు భయపడ్డాడు. "కేసు పెడితే?" అన్నాడు. పెట్టనీ, అప్పుడైనా ఆ ఫైలు ఎవరో ఒకరు తెరుస్తారు అన్నాను. మైదాపిండి తెచ్చి పొయ్యి మీద పెట్టబోతే, ఎవరు చెప్పారో, బుచ్చన్న కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు.

"జరుగు బిడ్డా. లై కలుపుడు నీకు చేతకాదు. నేను పెడితే ఎట్లుంటదో నీ గోడ జూసింది గదా," అన్నాడు.

ముగ్గురం గుట్ట వాలుకు పోయాం. కంచె తుప్పు పట్టింది, ఇనుప గేటుకు తాళం వేలాడుతోంది. లోపల సర్కారు తుమ్మ తలెత్తు పెరిగింది. దాని మధ్య నుంచి మా రాళ్ళగట్టు కనిపిస్తూనే ఉంది, ఒక్క రాయి కూడా జారలేదు. బుచ్చన్న గేటుకు లై రాసి, కాగితం పెట్టి, అరచేత్తో నాలుగు మూలలూ నొక్కాడు. సాక్షులుగా తమ్ముడూ ఆయనా సంతకం, వేలిముద్ర పెట్టారు. వచ్చేటప్పుడు నేను కంచె పక్కన ఉన్న ఒక రాయి ఎత్తి, తీగల మీదుగా లోపలి గట్టు వైపు విసిరాను.

ఇది రాస్తున్నది పదహారో రోజు. కంపెనీ నుంచి ఎవరూ హాజరు కాలేదు, సంజాయిషీ రాలేదు. ఇవాళ పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. రాత్రి మంచి వాన పడిందట, మన్ను నానిందట. "అక్కా, ఇప్పుడేం జేద్దాం?" అని అడిగాడు. విత్తనానికి పచ్చజొన్నలు ఎన్ని ఉన్నాయో చూడమన్నాను. వాళ్ళకు ఎట్టి ఆక్షేపణా లేదు.